ఆకరం పేర్కొన్నాక కూడా అనుమతి కావాలా? సిద్ధాంత గ్రంథంలో ఇతరుల చిత్రాలు, పట్టికలు

నీటిచుక్క (ప్రశ్న)

నమస్కారం. నీటిలోని ఫ్లోరైడ్‌ను తమ ఉపరితలంపై పట్టుకుని తొలగించే అధిశోషక పదార్థాలపై నేను రాస్తున్న సిద్ధాంత గ్రంథం చివరి దశకు వచ్చింది. రెండో అధ్యాయం పూర్తిగా పూర్వ పరిశోధనల సమీక్ష. దానినే కొంత కుదించి సమీక్షా వ్యాసంగా ఒక పత్రికకు పంపాలని మా పర్యవేక్షకులు, నేను అనుకుంటున్నాం. అందులో ఇతరుల చిత్రాలు, పట్టికలు కలిపి పదకొండు ఉన్నాయి. ప్రతిదాని కిందా రచయితల పేర్లు, సంవత్సరం రాశాను, గ్రంథసూచిలో పూర్తి వివరాలు ఇచ్చాను. దానితో నా బాధ్యత తీరిపోయిందనే ఇన్నాళ్లూ నమ్మాను. గత వారం మా విభాగంలోని సీనియర్ ఒకరు ఆ అధ్యాయం తిరగేసి, "వీటికి అనుమతులు ఎక్కడ ఉన్నాయి?" అని అడిగేసరికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అన్నింటినీ ఇక్కడ ఏకరువు పెట్టను కానీ, నాకు ఎటూ తోచనివి నాలుగు రకాలు ఉన్నాయి. మొదటిది, చందా కడితే తప్ప చదవడానికి వీల్లేని ఒక పత్రిక నుంచి తీసుకున్న ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రం. రెండోది, ఓపెన్ యాక్సెస్‌లో వచ్చిన సమీక్షా వ్యాసంలోని రేఖాచిత్రం. అది అందరికీ ఉచితంగా దొరుకుతోంది కనుక దానికి అభ్యంతరం ఉండదనుకున్నాను. మూడోది, ఆరు వ్యాసాల నుంచి విలువలు ఏరి నేను కూర్చిన పట్టిక. అయితే అందులో మూడు నిలువు వరుసలు ఒక వ్యాసంలోని పట్టికలో ఉన్న క్రమంలోనే ఉన్నాయని ఒప్పుకోవాలి. నాలుగోది నన్ను అన్నిటికంటే తికమక పెడుతున్నది: రెండేళ్ల కిందట నేనే మొదటి రచయితగా ప్రచురించిన వ్యాసంలోని గ్రాఫ్. నా సొంత గ్రాఫ్ వాడుకోవడానికి కూడా నేను ఎవరినైనా అడగాలా?

పాత సంపాదకుడు

నీటిచుక్క గారూ, నేను చాలా ఏళ్లపాటు విద్యా విషయక పుస్తకాల ప్రచురణలో అనుమతుల పని చూశాను. ఈ ప్రశ్న ఇంత ఆలస్యంగా ఎదురుకావడం మీ ఒక్కరికే జరిగింది కాదు; రాతప్రతి అచ్చుకు సిద్ధమయ్యాక గానీ దీన్ని తలచుకోని రచయితలే నా దగ్గరకు ఎక్కువగా వచ్చేవారు.

ఆకరం పేర్కొనడం, అనుమతి తీసుకోవడం రెండు వేర్వేరు బాకీలు. ఒకటి తీర్చినంత మాత్రాన రెండోది తీరదు. ఆకరం పేర్కొనడం ఆ పని చేసిన పరిశోధకులకూ, మీ పాఠకులకూ మీరు చెల్లించవలసింది. అది చేయకపోతే గ్రంథచౌర్యం అవుతుంది, అది విద్యా నైతికతకు సంబంధించిన తప్పు. అనుమతి అనేది కాపీరైట్ హక్కు ఎవరి చేతిలో ఉందో వారి నుంచి పొందవలసింది. అది లేకపోతే చట్టానికి సంబంధించిన చిక్కు. ఈ ఇద్దరూ ఒకరే అయి ఉండాలన్న నియమం లేదు. చందా పత్రికల్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి ప్రకారం రచయితలు కాపీరైట్‌ను ప్రచురణకర్తకు బదిలీ చేస్తారు. అందువల్ల ఆ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రం తీసిన శాస్త్రవేత్త మీకు ఈమెయిలులో "సంతోషంగా వాడుకోండి" అని రాసినా, హక్కు ఆయన దగ్గర లేనప్పుడు ఆ ఉత్తరం మర్యాదగా మిగులుతుందే తప్ప అనుమతి కాదు. ఇది తిరగేసి కూడా చూడాలి. కాలం చెల్లి కాపీరైట్ పోయిన పాత చిత్రానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కానీ దాన్ని ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పవలసిన బాధ్యత మాత్రం అలాగే ఉంటుంది.

మీ మొదటి చిత్రం విషయంలో భయపడవలసింది ఏమీ లేదు, పని కొంచెం ఉంది, అంతే. పెద్ద ప్రచురణకర్తల వెబ్‌సైట్లలో ఆ వ్యాసం పేజీలోనే అనుమతులకు ఒక లింకు ఉంటుంది. చాలాచోట్ల అది కాపీరైట్ క్లియరెన్స్ సెంటర్ నడిపే రైట్స్‌లింక్ సేవకు తీసుకెళ్తుంది. అక్కడ మీరు వాడబోయేది సిద్ధాంత గ్రంథంలోనా, పత్రికా వ్యాసంలోనా, పుస్తకంలోనా అని అడుగుతారు. ఎన్ని చిత్రాలు, వాటి సంఖ్యలు ఏమిటి, అచ్చులోనా ఎలక్ట్రానిక్ రూపంలోనా, మార్పులు చేస్తారా అన్నవి కూడా అడుగుతారు. సిద్ధాంత గ్రంథానికైతే చాలామంది ప్రచురణకర్తలు రుసుము తీసుకోరు. చివర్లో ఒక సంఖ్యతో లైసెన్స్ పత్రం వస్తుంది, దాన్ని భద్రపరచండి. చిత్రం కింద ఏ మాటలు రాయాలో అందులో చెప్పి ఉంటే ఆ మాటలే రాయండి, మీ శైలికి తగ్గట్టు మార్చకండి.

ఒక్క హెచ్చరిక. సిద్ధాంత గ్రంథం కోసం తీసుకున్న అనుమతి మీ సమీక్షా వ్యాసానికి పనికిరాదు. అది వేరే ప్రచురణ కనుక వేరే విన్నపం చేయాలి. పెద్ద ప్రచురణకర్తల్లో అనేకులు తమ అంతర్జాతీయ సంఘమైన ఎస్‌టీఎం రూపొందించిన అనుమతుల మార్గదర్శకాలపై సంతకం చేశారు. వాటి ప్రకారం, సంతకం చేసిన ఒక ప్రచురణకర్త పత్రికలో వచ్చే వ్యాసంలో, సంతకం చేసిన మరో ప్రచురణకర్త వ్యాసం నుంచి పట్టికలతో కలిపి మూడు చిత్రాల వరకు రుసుము లేకుండా వాడుకోవచ్చు. అయినా కొందరు ముందుగా తెలియజేయమని కోరతారు, కాబట్టి వారి వారి షరతులు చదవకుండా దీన్ని ఆధారం చేసుకోవద్దు.

ఇక మీ సొంత గ్రాఫ్. అవును, ఒప్పందం తీసి చూడవలసిందే. మీరు కాపీరైట్ బదిలీ పత్రంపై సంతకం చేసి ఉంటే, ఆ గ్రాఫ్ మీరు గీసిందే అయినా హక్కు ఇప్పుడు ప్రచురణకర్తది. అయితే రచయితలు తమ వ్యాసాన్ని తమ సిద్ధాంత గ్రంథంలో చేర్చుకునే వెసులుబాటును ఆ పత్రాల్లోనే ఇవ్వడం మామూలే. మీ పత్రంలో ఆ వాక్యం ఉందో లేదో వెతకండి, ఉంటే మళ్లీ అడగవలసిన పనిలేదు. వ్యాసం సీసీ బై లైసెన్స్‌తో (పేరు చెబితే ఎవరైనా వాడుకోవచ్చని ముందే ఇచ్చే క్రియేటివ్ కామన్స్ అనుమతి) వచ్చి, కాపీరైట్ రచయితల పేరిటే ఉంటే అసలు సమస్యే లేదు. ఏ సందర్భంలోనైనా మొదటి ప్రచురణ వివరాలు చిత్రం కింద ఇవ్వాలి, ఎందుకంటే ఒకే ఫలితాన్ని రెండుసార్లు కొత్తదిగా చూపారన్న మాట మీ మీదకు రాకూడదు.

పుస్తకాల గది

నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పరిశోధకులకు ఈ విషయంలో సాయం చేస్తుంటాను. మీ రెండో చిత్రం గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే నా దగ్గరకు వచ్చే పొరపాట్లలో చాలావరకు ఆ గుమ్మం దగ్గరే జరుగుతున్నాయి.

ఉచితంగా చదవగలగడం వేరు, తిరిగి వాడుకునే హక్కు వేరు. ఒక వ్యాసం తెరమీద డబ్బు కట్టకుండా తెరుచుకున్నంత మాత్రాన దానికి లైసెన్స్ ఉన్నట్టు కాదు. ముద్రణకు ముందు ప్రతులను ఉంచే ఆర్కైవ్ వంటి చోట్ల కూడా ఇదే జరుగుతుంది. అక్కడ చాలా వ్యాసాలకు రచయితలు ఇచ్చేది ఆ వేదికకు పంపిణీ చేసుకునే అనుమతి మాత్రమే, చదివిన వారందరికీ ఇచ్చే హక్కు కాదు. కాబట్టి వ్యాసం మొదటి పేజీలో గానీ చివర గానీ లైసెన్స్ పేరు వెతకండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లు 2002 నుంచి ఉన్నాయి, ఇప్పుడు ఎక్కువగా కనిపించేది 2013లో వచ్చిన 4.0 రూపం. సీసీ బై అని మాత్రమే ఉంటే వాణిజ్య ప్రచురణలో కూడా వాడవచ్చు, మార్చవచ్చు. రచయిత పేరు, ఆకరం, లైసెన్స్ పేరు, దాని లింకు ఇచ్చి, మార్పులు చేస్తే చేశామని చెప్పాలి. ఈ చివరి షరతును చాలామంది మరిచిపోతారు. బొమ్మలో ఒక భాగాన్ని కత్తిరించినా, పేర్లను తెలుగులోకి మార్చినా అది మార్పే.

ఎన్‌సీ అన్న అక్షరాలు కలిస్తే వాణిజ్యేతర వాడకానికి మాత్రమే. మీ సిద్ధాంత గ్రంథానికి అది సరిపోవచ్చు, కానీ చందాలకు అమ్ముడుపోయే పత్రికకు పంపేటప్పుడు దాన్ని నమ్ముకోకుండా హక్కుదారును అడగడమే మేలు. ఎన్‌డీ అని ఉంటే మార్చిన రూపాన్ని పంచుకోకూడదు, అంటే ఉన్నది ఉన్నట్టే వాడాలి. ఎస్‌ఏ అని ఉంటే, మీరు మార్చిన చిత్రాన్ని అదే లైసెన్స్ కింద విడుదల చేయాలి. చిత్రాన్ని మార్చకుండా వ్యాసంలో చేర్చినప్పుడు మీ వ్యాసం మొత్తానికి ఆ షరతు పట్టదు. మీ అంశానికి దగ్గరి ఉదాహరణ చెబుతాను. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువను ఎవరైనా ఆకరం చెప్పి రాసుకోవచ్చు, ఎందుకంటే అది ఒక వాస్తవం. కానీ ఆ సంస్థ ఇటీవలి సంవత్సరాల ప్రచురణల్లో చాలావరకు సీసీ బై ఎన్‌సీ ఎస్‌ఏ 3.0 ఐజీఓ (అంతర్‌ప్రభుత్వ సంస్థల కోసం చేసిన రూపం) లైసెన్స్ కింద ఉన్నాయి. కాబట్టి అందులోని పటాన్నో రేఖాచిత్రాన్నో ఎత్తి వాణిజ్య పత్రికలో పెట్టాలంటే ఆ షరతులన్నీ చూసుకోవాలి.

ఇవన్నీ సరిపోయాక కూడా ఒక మెట్టు మిగులుతుంది, నేను అందరికీ గట్టిగా చెప్పేది దాని గురించే. మీరు చూసిన చిత్రం కింద ఉన్న వివరణను చివరి అక్షరం దాకా చదవండి. సమీక్షా వ్యాసాల్లోని బొమ్మల్లో చాలా భాగం వేరే చోటు నుంచి అనుమతితో తెచ్చుకున్నవే. వ్యాసం సీసీ బై అయినా, వివరణలో మరొకరి పేరు, "అనుమతితో పునర్ముద్రితం" అన్న మాట ఉంటే, ఆ బొమ్మ ఆ లైసెన్స్ పరిధిలోకి రాదు. అలాంటి లైసెన్స్ ప్రకటనల్లోనే "వేరుగా సూచించినవి మినహా" అన్న మాట ఉంటుంది. ఆ సమీక్షకులకు వచ్చిన అనుమతి వారి వరకే, అది చేతులు మారి మీకు రాదు. మీరు మొదటి ప్రచురణ దాకా వెనక్కి నడిచి, అక్కడ అడగాలి.

నీటిచుక్క

పుస్తకాల గది గారూ, మీరు చెప్పాక వెళ్లి చూశాను. సరిగ్గా మీరన్నట్టే ఉంది. ఆ రేఖాచిత్రం కింద సన్నని అక్షరాల్లో వేరే వ్యాసం పేరు, మరో ప్రచురణకర్త పేరు ఉన్నాయి. నేను దాన్ని ఎన్నిసార్లు చూసి ఉంటానో, ఆ పంక్తిని ఒక్కసారీ చదవలేదు.

దీని నుంచి పుట్టిన మరో ప్రశ్న. ఆ రేఖాచిత్రాన్ని నేనే కంప్యూటర్‌లో కొత్త రంగులతో మళ్లీ గీసుకుంటే అనుమతి అక్కర్లేదని మా విభాగంలో అందరూ అంటున్నారు. అలాగే పట్టికల్లో ఉండేవి అంకెలే కనుక వాటికి కాపీరైట్ ఉండదని కూడా అంటున్నారు. ఈ రెండింటిలో ఎంత నిజం ఉంది?

రెండో సమీక్షకుడు

నేను ఒక పత్రికకు సహ సంపాదకుడిగా ఉన్నాను, సమీక్షలు కూడా చేస్తుంటాను. ఆ రెండు మాటల్లోనూ సగం నిజం ఉంది, చిక్కు మిగిలిన సగంతోనే.

కాపీరైట్ రక్షించేది వ్యక్తీకరణను. ఆలోచనలను, వాస్తవాలను కాదు. ఒక అధిశోషకం గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ పట్టుకుంటుందన్నది ప్రకృతిలోని విషయం, దాన్ని కొలిచినవారికి కూడా ఆ అంకె మీద యాజమాన్యం రాదు. దీనికి బాగా తెలిసిన తీర్పు అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఫైస్ట్ కేసులో ఇచ్చినది. టెలిఫోన్ డైరెక్టరీలోని పేర్లు, నంబర్లను అక్షర క్రమంలో పేర్చడంలో సృజన ఏమీ లేదు కనుక, వాటిని సేకరించడానికి ఎంత శ్రమ పడినా కాపీరైట్ రాదని అక్కడ తేల్చారు. కానీ అదే తీర్పు, ఏ అంశాలను ఎంచుకోవాలి, వాటిని ఎలా అమర్చాలి అన్న దానిలో కొంతైనా సృజన ఉంటే ఆ ఎంపికకు, అమరికకు రక్షణ ఉంటుందని కూడా చెప్పింది. ఐరోపా సమాజం 1996లో తెచ్చిన డేటాబేస్ ఆదేశం ఇంకో అడుగు వేసి, గణనీయమైన పెట్టుబడితో కూర్చిన డేటాబేస్‌కు పదిహేనేళ్ల ప్రత్యేక హక్కు ఇచ్చింది. కాబట్టి ఆరు వ్యాసాల నుంచి మీరు ఏరుకున్న విలువలతో మీరు వేసిన పట్టిక మీది. ప్రతి అడ్డ వరుసకూ దాని ఆకరం చూపితే చాలు. ఒకరు ఆలోచించి వర్గీకరించిన మూడు నిలువు వరుసలను వాటి శీర్షికలతో, క్రమంతో సహా దించుకున్న చోట మాత్రం మీరు వారి అమరికను వాడుకున్నారు. అక్కడ రెండే దారులు: అనుమతి అడిగి "అనుసరించి రూపొందించినది" అని రాయడం, లేదా మీ వాదనకు ఏ వరుసలు అవసరమో మొదటి నుంచి మీరే ఆలోచించి పట్టికను కొత్తగా కట్టడం. నేను రెండోదానికే ఓటు వేస్తాను, ఎందుకో చెబుతాను.

సమీక్షల్లోని పట్టికల నుంచి విలువలు దించుకోవడం వల్ల తప్పులు తరతరాలుగా సాగుతున్నాయి. మీ అంశంలోనే చూడండి. ఒకరు ఇచ్చిన అధిశోషణ సామర్థ్యం ప్రయోగంలో నేరుగా కొలిచింది అయి ఉంటుంది, మరొకరిది లాంగ్మ్యూర్ సమీకరణం (అధిశోషణను లెక్కించే ఒక గణిత నమూనా) నుంచి లెక్కగట్టిన గరిష్ఠ విలువ. పీహెచ్, ఉష్ణోగ్రత, నీటిలో మొదట ఉన్న ఫ్లోరైడ్ గాఢత వేర్వేరుగా ఉన్న అంకెలను పక్కపక్కన పెడితే పాఠకుడు వాటిని పోల్చదగినవని నమ్ముతాడు. ప్రతి విలువకూ మూల వ్యాసం తెరిచి, ఏ పరిస్థితుల్లో వచ్చిందో చూసి, ఆ వివరాన్ని ఒక నిలువు వరుసగా చేర్చండి. అప్పుడు ఆ పట్టిక అనుమతి అక్కర్లేనిది కావడమే కాదు, అంతకు ముందు లేనిది కూడా అవుతుంది. మీరు యూనిట్లు మార్చినా, సగటు తీసినా పట్టిక కింద "ప్రస్తుత రచయిత లెక్కించినది" అని గుర్తు పెట్టండి. ఆ అంకె మూల వ్యాసంలో వెతికి దొరకక పాఠకులు ఇబ్బంది పడకూడదు.

ఇక తిరిగి గీయడం. ఒకరి రేఖాచిత్రంలోని పెట్టెలు, బాణాలు, అణువుల అమరిక అలాగే ఉంచి రంగులు మారిస్తే, అది కొత్త చిత్రం కాదు, పాతదానికి మార్పు చేసిన రూపం. మార్పు చేసే హక్కు కూడా కాపీరైట్‌లో భాగమే కనుక అనుమతి కావాలి. అలా కాకుండా, ఫ్లోరైడ్ అయాన్ ఉపరితలంపైని హైడ్రాక్సిల్ సమూహం స్థానంలోకి వెళ్తుందన్న విషయాన్ని మీరు అర్థం చేసుకుని, ఆ బొమ్మను పక్కకు పెట్టి, మీ అధ్యాయానికి ఏది చూపాలో అది మీ పద్ధతిలో గీస్తే, ఆలోచనకు ఆకరం చెబితే సరిపోతుంది. గ్రాఫ్‌ల విషయం ఇంకా తేలిక. అచ్చయిన గ్రాఫ్ నుంచి బిందువుల విలువలు చదివి, మీరే కొత్త అక్షాలతో గ్రాఫ్ వేస్తే అది మీ గ్రాఫే; అయితే విలువలు ఏ వ్యాసంలోని ఏ చిత్రం నుంచి వచ్చాయో, వాటిని డిజిటైజ్ చేసి తీసుకున్నారన్న సంగతి కూడా కింద రాయాలి, ఎందుకంటే అలా చదివిన విలువల్లో చిన్న తేడాలు ఉంటాయి.

మైక్రోస్కోప్ చిత్రం మాత్రం తిరిగి గీయగలిగేది కాదు, అది సాక్ష్యం. దాన్ని కత్తిరిస్తే కత్తిరించామని చెప్పాలి, కొలత గీత చెరిగిపోకుండా చూడాలి, స్పష్టత కోసమని వెలుగు నీడలు ఇష్టం వచ్చినట్టు సరిచేయకూడదు.

న్యాయ విద్యార్థి

పైన చెప్పినవన్నీ జాగ్రత్తపరుల సలహాలే, వాటిని కాదనను. కానీ ఇంకో వైపు చెప్పకపోతే ప్రతి గీతకూ అనుమతి తప్పదన్న భావన మిగిలిపోతుంది. 1886 నాటి బెర్న్ ఒప్పందంలోని 10వ అధికరణం ప్రకారం, చట్టబద్ధంగా ప్రజలకు అందుబాటులోకి వచ్చిన రచన నుంచి, సముచితమైన పద్ధతిలో, ప్రయోజనానికి తగినంత మేరకు ఉటంకించవచ్చు. ఆకరం, రచయిత పేరు చెప్పాలి. అమెరికా చట్టంలో 107వ సెక్షన్ న్యాయమైన వాడకాన్ని నాలుగు కోణాల నుంచి తూచమంటుంది: వాడకం ఉద్దేశం ఏమిటి, మూల రచన ఎలాంటిది, అందులో ఎంత భాగం తీసుకున్నారు, దానివల్ల మూల రచన మార్కెట్‌కు నష్టం ఉందా అన్నవి. అనేక ఇతర దేశాల చట్టాల్లోనూ విమర్శ, సమీక్ష, పరిశోధన కోసం మినహాయింపులున్నాయి. మీరు ఒక చిత్రాన్ని అలంకారం కోసం కాక, దానిలోని లోపాన్ని ఎత్తి చూపడానికి పునర్ముద్రిస్తే మీ వాదన బలంగానే ఉంటుంది. ప్రతిదానికీ అడగడం అలవాటైతే, అడగనవసరం లేని చోట కూడా అడగాలన్న ఆచారం స్థిరపడుతుందని నా ఆందోళన.

పాత సంపాదకుడు

న్యాయ విద్యార్థి గారి మాటను గౌరవిస్తాను, అందులో తప్పు లేదు. అయితే రెండు విషయాలు చేర్చాలి. పాఠంలోంచి రెండు వాక్యాలు ఉటంకిస్తే అది రచనలో చిన్న భాగం. ఒక ఛాయాచిత్రాన్ని వాడితే చాలాసార్లు ఆ కృతిని మొత్తంగా తీసుకున్నట్టే లెక్క. "ఎంత భాగం" అన్న కొలత అక్కడ మీకు అనుకూలంగా పలకదు. రెండోది, ప్రచురణ ఒప్పందంలో "ఇందులోని ఇతరుల సామగ్రికి అవసరమైన అనుమతులన్నీ తీసుకున్నాను" అని రచయితే హామీ ఇస్తారు. చట్టం మినహాయింపు ఇచ్చినా, పత్రిక తన నియమం ప్రకారం అనుమతి పత్రం అడిగితే అది లేకుండా వ్యాసం ముందుకు కదలదు. మినహాయింపు మీద ఆధారపడదలిస్తే దానికి కారణాలను ముందుగా సంపాదకులకు రాసి, వారి సమ్మతి పొందండి.

లేఖ ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. రైట్స్‌లింక్ లేని చిన్న ప్రచురణకర్తలకు, సంఘాలకు లేఖ రాయక తప్పదు. మీకు కావలసిన చిత్రం సంఖ్య, పేజీ, వ్యాసం పేరు, రచయితలు, పత్రిక, సంపుటి, సంవత్సరం, డీఓఐ (వ్యాసానికి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) అన్నీ ఇవ్వండి. చిత్రం ప్రతిని జతచేస్తే వారికి వెతికే పని తప్పుతుంది. మీ రచన పేరు, అది ఎక్కడ, ఏ రూపాల్లో వస్తుంది, మార్పులు చేస్తారా లేదా రాయండి. అన్ని భాషల్లో, ప్రపంచవ్యాప్తంగా, అచ్చులోనూ ఎలక్ట్రానిక్‌గానూ, తర్వాతి కూర్పులకు కూడా వర్తించేలా అడగండి. లేకపోతే ఐదేళ్ల తర్వాత రెండో కూర్పు వచ్చినప్పుడు మళ్లీ మొదటికి వస్తారు. సిద్ధాంత గ్రంథమైతే అది విశ్వవిద్యాలయ డిజిటల్ భాండాగారంలో అందరికీ కనిపిస్తుందని తప్పక చెప్పండి. మీ వ్యాసం సీసీ బై కింద వెలువడేదైతే ఆ సంగతి దాచకండి. వారు ఆ లైసెన్స్‌కు ఒప్పుకోకపోతే, చిత్రం కింద "ఈ చిత్రం ఈ వ్యాసపు లైసెన్స్ పరిధిలోకి రాదు" అన్న వాక్యం చేర్చే ఏర్పాటు చేసుకోవాలి. చివరగా, వారి హక్కు కాకపోతే ఎవరిదో తెలపమని కోరండి.

జవాబు రాకపోవడం అంగీకారం కాదు. "ఫలానా తేదీలోగా జవాబు రాకపోతే అనుమతించినట్టు భావిస్తాం" అని రాసే అలవాటు కొందరికి ఉంది, దానికి చట్టంలో విలువ లేదు. నేను పనిచేసిన కాలంలో ఒక పుస్తకం మొత్తం సిద్ధమై, ఒకే ఒక్క ఛాయాచిత్రం హక్కుదారు నుంచి ఉత్తరం రాక నెలల తరబడి ఆగింది. ఆ రచయిత పడ్డ బాధ నాకిప్పటికీ గుర్తుంది. అందుకే ప్రతి చిత్రానికీ ఒక వరుసగా, ఎవరిని ఏ తేదీన అడిగారు, ఏం చెప్పారు, లైసెన్స్ సంఖ్య ఏమిటి అన్నది ఒక పట్టికలో రాసుకోండి.

చిత్రం కింద రాసే మాటల గురించి కూడా ఒక్క సంగతి. మార్చకుండా వాడితే "నుంచి" అని, మారిస్తే "అనుసరించి" అని, అంకెలు మాత్రమే తీసుకుంటే "గణాంకాల ఆధారంగా" అని వేరుగా రాయండి. ఈ మూడూ పాఠకుడికి మూడు వేర్వేరు విషయాలు చెబుతాయి. ఆకరాలు రాసే పద్ధతుల్లో ఒకటైన ఏపీఏ శైలిలో వ్యాసం వివరాల తర్వాత కాపీరైట్ సంవత్సరం, హక్కుదారు పేరు, అనుమతి వాక్యం కూడా చిత్రం కిందే రావాలి. మరో పద్ధతి అయిన ఐఈఈఈ శైలిలో చదరపు కుండలీకరణాల్లో ఆకరం సంఖ్య వస్తుంది. శైలి ఏదైనా, ప్రచురణకర్త ఇచ్చిన వాక్యం ఉంటే దానికే ప్రాధాన్యం.

నీటిచుక్క

అందరికీ కృతజ్ఞతలు. ఈ పది రోజుల్లో పదకొండింటినీ వరుసగా పట్టుకుని కూర్చున్నాను. మైక్రోస్కోప్ చిత్రానికి సిద్ధాంత గ్రంథం వరకు లైసెన్స్ రుసుము లేకుండానే వచ్చింది. సమీక్షా వ్యాసానికి వేరుగా అడిగాను. నా సొంత గ్రాఫ్‌కు ఒప్పందంలోనే వెసులుబాటు ఉంది, సంతకం చేసిన రోజున ఆ పేరా చదివి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. రేఖాచిత్రాన్ని వదిలేసి, మూల వ్యాసాలు మళ్లీ చదివి నాదైన బొమ్మ గీశాను. పట్టికను విప్పి మళ్లీ కడుతుంటే, రెండు విలువలు లాంగ్మ్యూర్ లెక్క నుంచి వచ్చినవని, ఒకదానికి యూనిట్లు తప్పుగా ఉన్నాయని బయటపడింది. రెండో సమీక్షకుడు గారు చెప్పకపోతే ఆ తప్పు నా పేరుతో ఇంకో తరానికి వెళ్లేది.

ఒక్కటి మాత్రం తేలలేదు. పాత క్షేత్ర ప్రయోగానికి చెందిన ఒక ఛాయాచిత్రం ఆగిపోయిన ఒక చిన్న పత్రికలో వచ్చింది. ప్రచురణకర్త చిరునామాకు రాసిన ఉత్తరం తిరిగి వచ్చింది, రచయిత ఈమెయిలు పనిచేయడం లేదు.

పుస్తకాల గది

ఆ పత్రికను నడిపిన సంఘం ఇప్పుడు మరో పేరుతో ఉందేమో, దాని పాత సంచికలను ఏ సంస్థ డిజిటల్ చేసిందో చూడండి. హక్కులు తరచుగా అలా చేతులు మారుతాయి. సహ రచయితలు ఎవరైనా ఉంటే వారికీ రాయండి. మీ వెతుకులాటనంతా తేదీలతో భద్రపరచండి. కానీ హక్కుదారు దొరకకపోవడం అనుమతితో సమానం కాదు, దొరకని హక్కుదారుల కృతుల గురించి చట్టాలు దేశానికో తీరుగా ఉన్నాయి. ఆ చిత్రం చూపకుండా మీ వాదన నిలబడుతుందా అన్నది ఒకసారి చూసుకోండి.

నీటిచుక్క

చూశాను. ఆ చిత్రంలో కనిపించే వడపోత గొట్టాల అమరికను నాలుగు వాక్యాల్లో వర్ణించి, పత్రిక సంచిక, పేజీ సంఖ్య ఇచ్చాను. ఛాయాచిత్రాన్ని తీసేశాను. మిగిలిన పదింటికి సంబంధించిన లైసెన్స్ పత్రాలు, లేఖలు, అనుమతుల పట్టిక అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి నిన్న మా పర్యవేక్షకులకు పంపాను.